‘నువ్వు’ నుంచి ‘నేను’ దాకా: ఒక కంట్రీ గాస్పెల్ పాట

వర్జీనియాకు చెందిన కార్టర్ కుటుంబం 1935లో రికార్డు చేసిన ‘కెన్ ద సర్కిల్ బీ అన్‌బ్రోకెన్’ అమెరికా పల్లె బాణీ క్రైస్తవ గీతాల్లో సుప్రసిద్ధం. ఆ మతంతో సంబంధం లేని శ్రోతల కళ్లు కూడా ఈ పాటకు చెమరుస్తాయి. ఎందువల్ల?

దీనికి మూలం 1907 నాటి కీర్తన. ఏడా హేబర్షన్ రాసిన ఆ కీర్తన శ్రోతను ‘నువ్వు’ అని పిలిచి, పోయిన ఆత్మీయులను పరలోకంలో కలుసుకుంటావా అని అడుగుతుంది. అది ఉపదేశం. కార్టర్ పాటలో పల్లవి కొద్ది మార్పుతో నిలిచింది. చరణాలు మాత్రం తల్లి అంత్యయాత్రగా మారాయి. ‘నువ్వు’ పోయి ‘నేను’ వచ్చింది. మన ఆలంకారికుల మాటల్లో తల్లి ఆలంబనం. మబ్బు పట్టిన పగలు, కిటికీలోంచి కనబడే శవవాహనం ఉద్దీపనాలు.

బండిని మెల్లగా పోనిమ్మని వేడుకునే చోటు పాటకు ప్రాణం. మరణాన్ని ఆపమని కాదు, కాస్త ఆలస్యం చెయ్యమని మాత్రమే ఆ బిడ్డ అడిగేది. ఇంత చిన్న కోరికలో అంత పెద్ద నిస్సహాయత ఇమిడింది.

కన్నీళ్లు పిండే పాట అని దీన్ని తీసిపారెయ్యడం సబబు కాదు. గాయకులు ఎక్కడా ఏడుపు గొంతు పెట్టరు. మేబెల్ గిటార్ నిలకడగా నడుస్తుంది. పల్లవిలో పరలోకపు ఆశ ఉంది, ప్రశ్నా ఉంది. ఒకటి రెండోదాన్ని చెరిపెయ్యదు. చరణం ఒక్కరి దుఃఖం, పల్లవి పదిమంది గొంతు. 1971లో నిటీ గ్రిటీ డర్ట్ బ్యాండ్ యువకులతో కలిసి మేబెల్ దీన్ని మళ్లీ పాడింది. తెగిన వలయం గురించిన పాటను వలయంగా చేరి పాడుకోవడంలోనే దాని ఓదార్పు ఉంది.