డ్రైను చేప

పోయిన ఆదివారం ద్రాక్షారామం వెళ్లే దారిలో, డ్రైను గట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు కనిపించారు. బండి పక్కకు ఆపి చాలాసేపు వాళ్లనే చూస్తూ నిలబడ్డాను. కాలవలకు నీళ్లు వచ్చాయి, చేలల్లో ఊడ్పులు మొదలయ్యాయి, బోదెలు నిండి బురదనీళ్లు డ్రైనులోకి దిగుతున్నాయి. గుర్రపు డెక్క మధ్య రెండు మూరల ఖాళీ ఉంది. కుర్రాడు పొట్టి రాడ్డు ఒక్క విసురు విసిరితే రబ్బరు కప్ప వెళ్లి సరిగ్గా ఆ ఖాళీ అవతల ఆకు మీద పడింది. వాడు తొందరపడలేదు. కప్పను ఆకు మీద ఒక్క క్షణం ఉంచి, మెల్లగా నీళ్లలోకి జార్చి, చిన్న చిన్న కుదుపులతో లాగాడు. మూడో కుదుపుకి నీళ్లు పగిలాయి. కొరమేను! కిలోకి తక్కువ ఉండదు.

చేతులు తడుపుకుని, కొక్కెం జాగ్రత్తగా తీసి, ఫోన్లో ఒక ఫోటో పట్టుకుని, చేపను మళ్లీ నీళ్లలో వదిలేశారు.

"వదిలేశారేంటయ్యా?" అన్నాను.

"పట్టడానికే వచ్చామండి బాబాయ్ గారూ, కూరకి కాదండి" అన్నాడు పెద్దవాడు.

ఆ వారమంతా ఆ దృశ్యం నన్ను సంతోషంగా ఉంచింది. గాలం అంటే ముసలాళ్ల కాలక్షేపం అనుకునే రోజుల్లో, ఇరవై ఏళ్లవాళ్లు ఎండలో నిలబడి నీటిని చదువుతున్నారు. అంతకంటే నాకు నచ్చింది ఆ రబ్బరు కప్ప. మా రోజుల్లో కొరమేనుకి బతికున్న కప్పే ఎర. తొడ దగ్గర చర్మానికి కొక్కెం గుచ్చి నీటి మీద గెంతించేవాళ్లు. వరిచేలో పురుగుని తిని రైతుకి మేలు చేసే ప్రాణి కప్ప. ఈ దేశం కప్ప కాళ్లను విదేశాలకు ఎగుమతి చేసి చేసి, చివరికి 1987లో ఆ ఎగుమతిని నిషేధించింది. రబ్బరు కప్పకు ప్రాణం లేదు, నొప్పి లేదు. దాని కొక్కేలు వీపుకి ఆనుకుని ఉంటాయి కాబట్టి డెక్కలో చిక్కుకోదు. చేప నోరు మూసినప్పుడు మాత్రమే కప్ప ఒళ్లు నొక్కుకుపోయి ముళ్లు బయటికొస్తాయి. చక్కటి పనితనం.

ఇంగ్లండులో, అమెరికాలో చల్లటి వాగుల్లో ట్రౌట్ చేపకు వేసే గాలం కూడా ఇలాంటిదే. ఈకలు, దారాలు చుట్టి చిన్న పురుగులా తయారుచేసిన కొక్కేన్ని, తాడు బరువుతోనే విసిరి, నీటి మీద వాలిన ఈగలా కనిపించేట్టు చేస్తారు. ఐజాక్ వాల్టన్ 1653లో గాలం మీద పుస్తకం రాసేనాటికే అక్కడ అదొక పెద్ద విద్య. తెల్లదొరలు ఆ ముచ్చట మానుకోలేక ట్రౌట్‌ను మన దేశానికీ తెచ్చారు. ఫ్రాన్సిస్ డే 1863లో నీలగిరికి తేవాలని చూస్తే కుదరలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అటు కాశ్మీరులో, ఇటు నీలగిరిలో అది నిలదొక్కుకుంది. చన్నీళ్ల చేప కాబట్టి మన డెల్టాలో బతకదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ మాత్రం కొండవాగులతో ఆగలేదు. 1873లో భారతదేశపు గాలం మీద ఒక పుస్తకం రాశాక, 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించే విడిగా ఇంకో పుస్తకం రాశాడు. పల్లపు నీళ్లలో కూడా విద్య ఉందని గుర్తించినవాడు.

నేనైతే ఇంకో మెట్టు ఎక్కి చెబుతాను. చిన్న వాగులో ట్రౌట్, చిన్న డ్రైనులో కొరమేను ఒకే జాతి బుద్ధి ఉన్న చేపలు. రెండూ తమ చోటు వదలవు. రెండింటికీ గట్టు మీద అడుగు చప్పుడు తెలుస్తుంది, నీడ పడితే తెలుస్తుంది. రెండూ పైనుంచి పడే తిండి కోసం చూస్తాయి, అది పురుగో కప్పో. రెండింటినీ బలంతో పట్టలేం.

ఈ కాలమ్ చదివేవాళ్లకు పులస మీద నా పాత గొడవ తెలుసు. పుస్తెలమ్మైనా తినాలన్నారు కదా అని, వరదనీరు రాగానే ఊరంతా పులస మాటే. యానాంలో ఎంత పలికింది, ఎవరు కొన్నారు, ఎవరికి పంపారు. పులస సముద్రం నుంచి వచ్చి కొద్ది వారాలు కనబడి పోయే చుట్టం. ఏడాది పొడుగునా మన బోదెలో, మన తూము కింద, మన బురదలో కాపురం ఉండే కొరమేను గురించి ఒక్క వార్త ఉండదు. ఏప్రిల్‌లో కాలవలు కట్టేసినప్పుడు మిగతా చేప చచ్చిపోయే గుంటలో కూడా ఇది బతుకుతుంది. పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కాబట్టి చెమ్మ ఉంటే చాలు, వానపడ్డ రాత్రి ఒక మడిలోంచి ఇంకో మడికి పాకుతూ పోతుంది. తెలంగాణవాళ్లు దీన్ని రాష్ట్ర చేప చేసుకున్నారు. మనం పులసకి దండలు వేస్తున్నాం.

కొరమేను నాకు నేర్పింది మా చేను కౌలుకి చేసిన తాత. ఆయన దగ్గర గట్టి వెదురు కర్ర ఒకటి ఉండేది, నూనె పట్టించి పొగచూరిన పెణకలో దోపేవాడు. బెండు కట్టి ఎర్ర గుచ్చి చేదుపరిగెలు, జెల్లలు పట్టేది మా పిల్లకాయల గాలం. తాత గాలానికి బెండు ఉండదు, సీసం ఉండదు. పొడుగాటి కర్ర, గట్టి తాడు, పెద్ద కొక్కెం, ఒక కప్ప. గట్టు మీద చెప్పుల్లేకుండా నడవాలి. పొద్దు ఎటుందో చూసుకుని నీడ మన వెనక్కి పడేట్టు నిలబడాలి. కప్పను నేరుగా నీళ్లలో వెయ్యకూడదు. తుంగ మీదో తూడు మీదో వేసి, అది తనంతట జారినట్టు దించాలి. చేప అందుకున్నాక వెంటనే లాగితే కప్ప ఒక్కటే తిరిగొస్తుంది. "మింగనీరా అబ్బాయ్, మింగనీ, తల తిప్పుకోనీ, అప్పుడు" అనేవాడు. ఆ "అప్పుడు" ఎప్పుడో తెలియడానికి నాకు చాలా వానాకాలాలు పట్టింది. కర్ర పట్టుకున్న చేతికే తెలుస్తుంది, చెబితే తెలియదు.

ఒక శ్రావణమాసం పొద్దున తూముకి పక్కన, జమ్ము పొద వారగా, నీళ్లు ఒకేచోట ఎసరులా తెర్లుతూ కనిపించాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఎర్రటి పిల్లలు, వేలెడు కూడా లేనివి, ముద్దగా ఉన్నాయి. అన్నీ కలిసి గాలికోసం పైకి రావడం, అన్నీ కలిసి దిగడం. తాత చూడగానే నన్ను వెనక్కి నెట్టాడు. పిల్లల కింద కొరమేను ఉంటుంది. గూడు కట్టడానికి అవి ఒడ్డువార నాచు, గడ్డి తొలిచి చోటు చేసుకుంటాయి. గుడ్లు నీటి మీద తేలుతుంటే కాపలా కాస్తాయి. పిల్లలు పైకొచ్చాక కూడా నెల రోజుల పాటు వాటి వెంటే తిరుగుతాయి. ఆ రోజుల్లో వాటికి ఆకలి మాట అటుంచి కోపమే ముఖ్యం. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా మీదపడతాయి. కప్ప అలా తగిలిందో లేదో, ఇలా పట్టేసింది. ఆ రోజు తాతకు మింగనిచ్చే ఓపికతో పనిలేకపోయింది.

చేప పెద్దది. ఇంట్లో అందరికీ సరిపోయింది. నేను మాత్రం ఆ తూము దగ్గరికి రోజూ వెళ్లాను. మర్నాటికి ముద్ద సగమైంది. లకుముకి పిట్ట కొమ్మ మీద కూర్చుని ఒక్కొక్కటే ఎత్తుకుపోతోంది. ఇంకో రెండు రోజులకు అక్కడక్కడా నాలుగైదు పిల్లలు, ఆ తరవాత ఉత్త నీళ్లు. తాతతో చెబితే, "ఇది పోతే పై తూము దగ్గర ఇంకోటుంటాదిరా" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. అప్పుడు నిజంగానే ఉండేది. ప్రతి తూముకీ ఒక కొరమేను, ప్రతి బోదెకీ ఒక గూడు.

ఇవాళ పై తూము దగ్గర ఇంకోటి లేదు. అదే తేడా. డ్రైనుల్లో డెక్క అల్లుకుపోయి కింద నీళ్లు కుళ్లుతున్నాయి. ఊళ్ల మురుగు, రొయ్యల చెరువుల వాడిన నీళ్లు, వరిచేల మందు నీళ్లు అన్నీ అందులోకే. బ్యాటరీ మోసుకుని తిరిగి, నీళ్లలో కరెంటు పెట్టి, పిల్లా జెల్లా గుడ్లతో సహా ఊడ్చుకుపోయేవాళ్లు వచ్చారు. నీళ్లలో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడం నేరమని 1897లోనే చట్టం వచ్చింది. ఇది ఎవరికీ కొత్త విషయం కాదు, ఎవరికీ పట్టిన విషయమూ కాదు.

కాబట్టి ఆ కుర్రాళ్లు చేపను వదిలేయడం చూసి, ఇదే దారి అనుకున్నాను. పట్టిన చేప తినాల్సిందేనని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు వాదించినవాణ్ణి, ఈ వారం ఆ వాదన కట్టిపెట్టి, పట్టి వదిలేద్దాం అని రాయడానికే కూర్చున్నాను. కొరమేను మొండి ప్రాణం, వదిలితే బతుకుతుంది కూడా. అయితే ఆ రోజు బండి ఎక్కబోతుంటే చిన్నవాడు ఇంకో మాట అన్నాడు. "ఇంటికి పట్టుకెళ్లినా మా అమ్మ వండదండి. డ్రైను చేప అంటే ఇంట్లోకే రానివ్వదండి" అన్నాడు.

ఆ మాటతో నా లెక్క తలకిందులైంది. ఆ తల్లి తప్పేమీ లేదు. ఆ నీటి రంగు చూసిన ఏ తల్లీ వండదు. అంటే ఆ కుర్రాళ్లు చేపను వదిలేయడంలో దయ కొంతే. మిగతాదంతా తినడానికి పనికిరాని నీళ్లు.

ఇక్కడ తుల్యభాగ గురించి చెప్పాలి. గోదావరి ఏడు పాయల్లో అదొకటని, సప్తఋషుల్లో ఒకరు తెచ్చిన పాయని మన పెద్దల నమ్మకం. చొల్లంగి దగ్గర సముద్రంలో కలిసేచోట పుష్య అమావాస్యకు వేలమంది స్నానం చేస్తారు. మిగతా ఏడాదంతా కాగితాల మీద, జనం నోట, అది డ్రైనే. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించాక మన చేలకు నీళ్లు కాలవలో వస్తున్నాయి, చేల నుంచి డ్రైనులో పోతున్నాయి. వచ్చే నీటి కోసం లాకుల దగ్గర తగువులాడతాం. పోయే నీటిని కన్నెత్తి చూడం. ఏడాదికి ఒక్క పూట మొక్కు ఆ పాయను కాపాడలేదు. ఫోటో తీసి వదిలేసే గాలం కూడా కాపాడదు.

మరి ఎవరు కాపాడతారు? ఇంగ్లండులో డెర్బీ అనే ఊళ్లో గాలం వేసేవాళ్ల సంఘం ఒకటి ఉండేది. డెర్వెంట్ నదిలోకి ఒక రసాయనాల కంపెనీ వ్యర్థాలు, పురపాలక సంఘం మురుగు, కరెంటు ఫ్యాక్టరీ వేడినీళ్లు వదిలి చేపను చంపేశాయి. సంఘం ఆ ముగ్గురి మీదా దావా వేసింది. 1950ల మొదట్లో తీర్పు సంఘం వైపే వచ్చింది. కోర్టు నష్టపరిహారంతో సరిపెట్టలేదు, ఆ కాలుష్యం ఆపాలని ఆజ్ఞ ఇచ్చింది. ఆ సంఘంలోవాళ్లు సెలవు రోజు కర్ర పట్టుకుని గట్టున కూర్చునే మామూలు మనుషులు. రోజూ నీటిని చూసేవాడికే నీరు ఎప్పుడు మారిందో తెలుస్తుంది.

అందుకని నా పాత మాటకే తిరిగొస్తున్నాను, ఈసారి ఇంకా గట్టిగా. పట్టిన చేప తినాలి. తినగలిగేట్టు ఆ నీరు ఉండాలి. ఒక నీరు బాగుందా లేదా అనడానికి నాకు తెలిసిన కొలత ఒకటే, అందులో పట్టిన చేపను ఇంట్లో అమ్మ వండుతుందా లేదా. వదిలేయాల్సిన చేప ఒక్కటే, పిల్లల మీద ఉన్న కొరమేను. ఆషాఢం నుంచి వినాయక చవితి దాకా ఎర్రపిల్లల ముద్ద కనిపించిన చోట రబ్బరు కప్ప కూడా వేయకండి. సముద్రంలో వేటకు ఏటా 61 రోజుల విరామం ఇస్తున్నాం, ఒక తూము దగ్గర నెల రోజులు ఆగలేమా?

గాలం పట్టే కుర్రాళ్లకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. పట్టిన చేప ఫోటోతో పాటు తేలిన చేపల ఫోటో కూడా తీయండి. ఏ గట్టు, ఏ తూము, ఏ రోజు, ఎన్ని గంటలకు, నీటి రంగేమిటి, వాసనేమిటి రాసి పెట్టండి. కరెంటు పెట్టేవాళ్లు కనబడితే పదిమందినీ పిలవండి. ఆ కాగితాలు డ్రైనేజీ అధికారులకు, కాలుష్య నియంత్రణ మండలికి పంపి, ఒక నకలు ఈ కాలమ్‌కి పంపండి. పేరు వేయొద్దంటే వేయను. రామచంద్రపురం చుట్టూ ఉన్న ప్రతి డ్రైను నుంచీ నాకు ఉత్తరం రావాలి.