కింది తీగల మీద కట్టిన సంగీతం

డబుల్ బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ పేరెత్తగానే జాజ్ అభిమానుల మనసు 1959 నాటి ‘మింగస్ ఆ ఉమ్’ మీదికి పోతుంది. అంతకు పదేళ్లకు పైగా ముందే లాస్ ఏంజిలస్‌లో అతడు చిన్నాచితకా కంపెనీలకు గ్రామఫోను ప్లేట్లు ఇచ్చాడు. బృందనాయకుల్లో ఎల్లింగ్టన్ ‘డ్యూక్’, బేసీ ‘కౌంట్’ అయినప్పుడు తానూ ‘బేరన్’ కావాలనుకున్న కుర్రతనం అది. చాలాకాలం సేకర్తల బీరువాల్లోనే ఉండిపోయిన ఆ ప్లేట్లను అప్‌టౌన్ సంస్థ వెతికి, ‘వెస్ట్ కోస్ట్ 1945–49’ పేరుతో ఒక సీడీగా కూర్చింది. బ్లూస్, డాన్సు పాటలు, విరహగీతాలు అన్నీ కలిసే ఉంటాయి అందులో. వీటిని ఒక మహా వాగ్గేయకారుడి చిత్తుప్రతులుగా విని పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఇవి అతడి సంగీతానికి తాళంచెవిలా తోస్తాయి. మేళంలో అన్నిటికన్నా కింద ఉండే వాద్యం దగ్గర నిలబడి పైవాటిని ఊహించడం అతడికి అలవాటైంది ఇక్కడే.

జాజ్‌లో డబుల్ బేస్ చేసే పనేమిటో ముందు చూడాలి. మన తంబురా ఒకే శ్రుతిని పట్టి ఉంచుతుంది. బేస్ అలా ఆగదు, నడుస్తుంది. బారుకు నాలుగు దెబ్బలు, దెబ్బకో స్వరం. దాన్నే వాకింగ్ బేస్ అంటారు. తాళానికి వెన్నెముక ఆ నడకే, హార్మనీకి పునాదీ అదే. పైన సాక్సఫోన్ ఒకే స్వరం మీద నిలిచి ఉన్నా, కింద బేస్ ఒక మెట్టు జరిగితే చాలు, ఆ స్వరం భావమే మారిపోతుంది. 1939లో ఎల్లింగ్టన్ బృందంలో చేరిన జిమ్మీ బ్లాంటన్ ఈ పక్కవాద్యం చేత ట్రంపెట్‌లాగా పాడించాడు. 1942లో క్షయ అతణ్ణి తీసుకుపోయేనాటికి వయసు 23. మింగస్ వచ్చింది ఆ దారినే, కానీ అంతకు ముందే అతడి చేతికి చెల్లో తెలుసు. తర్వాత రెడ్ కాలెండర్ దగ్గరా, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో వాయించిన హెర్మన్ రైన్‌షాగన్ దగ్గరా బేస్ నేర్చుకున్నాడు. చెల్లోలో పక్కపక్క తీగలు స–ప దూరంలో ఉంటే, బేస్‌లో స–మ దూరంలో ఉంటాయి. అంటే ఎడమచేతి వేళ్ల లెక్కంతా మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అయినా తీగ చేత పాడించాలన్న చెల్లో వాద్యకారుడి ఆశ అతణ్ణి వదల్లేదు. 1947 నవంబరులో లయనెల్ హాంప్టన్ బృందం రికార్డు చేసిన మింగస్ సొంత రచన ‘మింగస్ ఫింగర్స్’లో బేస్ పక్కవాద్యపు చోటు వదిలి ముందుకు ఉరుకుతుంది.

అంతకన్నా బలమైన సాక్ష్యం నాకు ‘వియర్డ్ నైట్‌మేర్’లో కనిపిస్తుంది. ఎక్సెల్సియర్ కంపెనీ కోసం 1946లో చేసిన పాట. పైకి మామూలు విషాదగీతమే. కానీ స్థిమితపడుతుందనుకున్న ప్రతిచోటా దాని హార్మనీ అర్ధస్వరం మీద జారిపోతుంది. గాయకుడి కాళ్ల కింద నేల కదులుతున్నట్టుంటుంది. ఆ నేల బేస్ వాద్యకారుడి సొంత ఇలాకా. ఈ వరస అతణ్ణి విడిచిపెట్టలేదు. 1953లో మైల్స్ డేవిస్‌తో ‘స్మూచ్’ అయింది, అక్కడ మింగస్ పియానో వాయించాడు. 1960లో పాత పేరుతోనూ, ‘వాసర్లీన్’ అన్న కొత్త పేరుతోనూ మళ్లీ వచ్చింది. పద్నాలుగేళ్లు వెంట తిప్పుకున్నదాన్ని చిత్తుప్రతి అని ఎలా అనగలం?

ఇదంతా ఎల్లింగ్టన్‌కు నకలు కదా అనవచ్చు. ఈ ప్లేట్లలోని ‘దిస్ సబ్‌డ్యూస్ మై ప్యాషన్’ వింటే ఆ మాట కాదనలేం. అయితే ఎల్లింగ్టన్ వాద్యానికని రాయలేదు, ఆ వాద్యం పట్టుకున్న మనిషికని రాశాడు. అతణ్ణి అనుకరించడమంటే తోటివాళ్ల గొంతులు విడివిడిగా వినడం నేర్చుకోవడమే. తర్వాతి కాలంలో మింగస్ తన బృందానికి కాగితం ఇవ్వకుండా వరసలు పాడి, పియానో మీద వినిపించి నేర్పించాడంటే, దానికి మూలం ఈ వినికిడిలోనే ఉంది. ఇవి బతుకుతెరువు కోసం చేసిన పాటలన్న ఇంకో ఆక్షేపణకు పెద్ద జవాబు అక్కర్లేదు. మూడు నిమిషాల ప్లేటులో వృథా చేయడానికి చోటుండదు.

అసలు చిక్కైన ఆక్షేపణ మరొకటుంది. ఆనాటి ప్లేట్లలో బేసే సరిగా వినిపించదు. కింది స్థాయి ధ్వని మసకబారి, డ్రమ్ముల వెనక గుసగుసలా మిగులుతుంది. వినిపించని బేస్‌ను మెచ్చుకోవడమెలా? ఇది న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పగలిగింది ఒకటే: తీగ మోత అందకపోయినా, హార్మనీ మలుపు తిరిగే చోట్ల ఆ తీగ తీసుకున్న నిర్ణయం అందుతుంది. ఈ లోపం అందరికన్నా ఎక్కువ బాధించింది మింగస్‌నే. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పావెల్, మాక్స్ రోచ్‌లతో వాయించిన కచేరీ టేపులో తన బేస్ చాలినంత పడలేదు. అప్పటికి డెబ్యూ అన్న రికార్డు కంపెనీ రోచ్‌తో కలిసి అతడు పెట్టుకున్నదే. మళ్లీ స్టూడియోలో కూర్చుని, ఆ టేపు మీదే తన బేస్‌ను ఇంకోసారి వాయించి, అప్పుడే ప్లేటు బయటికి వదిలాడు.