గులకరాళ్లను బట్టి వేసిన చుక్కలు

వాగు ఒకటే, చేప జాతి ఒకటే. అయినా జలపాతానికి ఎగువన ఉన్న మగచేప ఒళ్లంతా నారింజ, నలుపు, నీలం చుక్కలతో మెరుస్తుంటే, దిగువ మడుగులోని మగచేప నాలుగు చిన్న మచ్చలతో సరిపెట్టుకుంటుంది. వెనెజులా తీరానికి కూతవేటు దూరంలో ఉన్న ట్రినిడాడ్ దీవిలో, ఉత్తరపు కొండల నుంచి దిగే వాగులన్నింటా కొంచెం అటూ ఇటూగా ఇదే వరస. ఆ చేప మనకు కొత్తదేమీ కాదు. అక్వేరియం దుకాణాల్లో తోక ఊపుకుంటూ తిరిగే గప్పీయే. దోమల లార్వాలను తింటుందని మన ఊళ్లలో గంబూసియా చేపతో పాటు దీన్నీ కుంటల్లో, నిలవ నీళ్లలో వదులుతుంటారు. ట్రినిడాడ్ నుంచి ఈ చేపలను లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి పంపిన రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పేరే దీనికి నిలిచిపోయింది.

దుకాణంలోని గప్పీకి పెద్ద తోక, నిండు రంగు మనుషులు తరతరాలుగా ఏరి పెంచినవి. అసలు పనితనం చూడాలంటే వాగు గప్పీని చూడాలి. మగది ఉండేది రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న ఒంటి మీద తోక మొదట్లో ఒక నారింజ మచ్చ, దాని అంచున నల్లటి గీత, భుజం దగ్గర ఒక నల్ల చుక్క, పక్కకు తిరిగినప్పుడు మాత్రమే తళుక్కుమనే నీలం. నలుపు మెలనిన్ నింపుకున్న కణాలది. నీలానికి అసలు రంగు పదార్థమే లేదు. గ్వానిన్ అనే పదార్థపు పలుచటి స్ఫటికాలు కణాల్లో దొంతరలుగా పేర్చి ఉంటాయి. వాటి మీద పడిన వెలుగు తిరిగొచ్చేటప్పుడు నీలంగా, పచ్చగా, వెండిలా కనిపిస్తుంది. నారింజ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఆడచేప మాత్రం బూడిద రంగులోనే ఉంటుంది. మగచేప రంగులు చాలావరకు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తాయని జీవశాస్త్రవేత్త యోహానెస్ ష్మిట్ 1920లో కోపెన్‌హేగెన్‌లో చూపించాడు. ఆ జన్యువుల్లో చాలా భాగం వై క్రోమోజోము మీదే ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. బురద నీటి చేప పాలిపోయి ఉంటుందని, తేట నీటి చేప ముదురు వన్నెతో ఉంటుందని చేపలు పట్టేవాళ్లందరికీ తెలుసు. అది చాలావరకు ఒకే చేప తన చర్మంలోని రంగు కణాలను నీటికి తగ్గట్టు సర్దుకోవడం. నీళ్లు మారిస్తే కొన్నాళ్లకు అదీ మారుతుంది. గప్పీ చుక్కలు అలాంటివి కావు. నల్ల చుక్క కాసేపు ముదరొచ్చు, వెలిసిపోవచ్చు గానీ, ఎన్ని చుక్కలు, ఎక్కడ, ఎంత అన్నది పుట్టుకతో వచ్చేదే. కాబట్టి ఎగువకూ దిగువకూ ఉన్న తేడాకు కారణం వంశంలో వెతకాలి.

ఆ వెతుకులాట 1950లలో కేరిల్ హాస్కిన్స్, ఎడ్నా హాస్కిన్స్ దంపతులతో మొదలైంది. దిగువ మడుగుల్లో క్రెనిసిక్లా అనే వేటచేప ఉంటుంది. ఎదిగిన గప్పీలను కాపు కాసి పట్టి మింగుతుంది. అది జలపాతాలు ఎక్కలేదు. పైన రివ్యులస్ అనే చిన్న చేప ఒక్కటే ఉంటుంది, అది తింటే గప్పీ పిల్లలను తింటుంది. వేటచేప ఉన్నచోట రంగు తక్కువ, లేనిచోట రంగు ఎక్కువ. దంపతులు గమనించిన ఈ పొంతన బాగానే ఉంది కానీ, ఎగువ వాగుకూ దిగువ వాగుకూ తేడా వేటచేప ఒక్కటేనా? ఎగువన అడవి దట్టం, నీళ్లు చల్లన, నాచు తక్కువ. వీటిలో ఏది రంగు మార్చిందో వాగు ఒడ్డున నిలబడి తేల్చలేం.

దాన్ని తేల్చినవాడు జీవశాస్త్రవేత్త జాన్ ఎండ్లర్. 1980లో ‘ఎవల్యూషన్’ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం ప్రయోగం ఎలా కట్టాలో నేర్పే పాఠం. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఒక గ్రీన్‌హౌస్‌లో పది కుంటలు కట్టాడు. వేర్వేరు వాగుల నుంచి తెచ్చిన గప్పీలను కలగలిపి వాటిలో వదిలాడు. కొన్ని నెలలు అవి హాయిగా పెరగనిచ్చాక నాలుగు కుంటల్లో ఒక్కో క్రెనిసిక్లాను, మరో నాలుగింటిలో రివ్యులస్‌లను వదిలాడు. రెండు కుంటలను వేటచేప లేకుండా ఉంచాడు. ఆపై 14 నెలల వరకు మగచేపల చుక్కలు లెక్కపెట్టి, కొలిచి చూశాడు. క్రెనిసిక్లా ఉన్న కుంటల్లో చుక్కల లెక్కా తగ్గింది, పరిమాణమూ తగ్గింది. మిగతా కుంటల్లో రెండూ పెరిగాయి. ఇంతవరకు చేసి ఆపేసినా మంచి ప్రయోగమే అనిపించుకునేది.

కానీ ఆయన కుంటల అడుగున పరిచిన గులకరాళ్లలో అసలు నేర్పు ఉంది. సగం కుంటల్లో సన్న గులక, సగం కుంటల్లో పెద్ద గులక. రెండింటిలోనూ అవే రంగులు, అదే పాళ్లలో. అంటే కుంటకూ కుంటకూ తేడా రాయి పరిమాణంలో మాత్రమే. ఎందుకింత శ్రద్ధ? చేటలో బియ్యం ఏరేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: గింజంత ఉన్న తెల్లరాయి కంటికి దొరకదు, గింజ కన్నా పెద్దదో చిన్నదో అయితే ఇట్టే దొరుకుతుంది. చేప ఒంటి మీది చుక్క కూడా అంతే. అడుగున ఉన్న రాళ్ల పరిమాణానికి సరిపోతే చేప రాళ్లలో కలిసిపోతుంది. సరిపోకపోతే విడిగా కనిపిస్తుంది.

ఫలితం చూడండి. క్రెనిసిక్లా ఉన్న కుంటల్లో, సన్న గులక మీద పెరిగిన చేపల చుక్కలు చిన్నవయ్యాయి. పెద్ద గులక మీద పెరిగిన వాటి చుక్కలు అంతకన్నా పెద్దగా నిలిచాయి. చుక్క రాయిని అనుసరించింది. ప్రాణభయం లేని కుంటల్లో సరిగ్గా తలకిందులు: సన్న గులక మీద చుక్కలు పెద్దవయ్యాయి, పెద్ద గులక మీద చిన్నవయ్యాయి. చుక్క రాయితో విభేదించింది. కనపడకుండా ఉండాల్సిన చోట కలిసిపోవడం, కనపడితే ఆడచేప మెచ్చే చోట విడివడడం, ఈ రెండూ ఒకే కొలతతో, ఒకే ప్రయోగంలో బయటపడ్డాయి. వేటచేప రంగు చేపలను తినేసిందన్న మాట వరకైతే ఎవరైనా ఊహించగలరు. అదే చుక్క ఒకచోట పెరగాలి, ఒకచోట తగ్గాలి, రెండు దిశలనూ గులకరాయి నిర్ణయించాలి అంటే, మరో కారణం చెప్పి తప్పించుకునే సందు మిగలదు. నేను చదివిన ప్రయోగాల్లో ఇంత తక్కువ సరంజామాతో ఇంత గట్టిగా మాట్లాడినది మరొకటి లేదు.

గ్రీన్‌హౌస్‌లో జరిగింది వాగులోనూ జరుగుతుందా అన్న ప్రశ్నకూ ఆయన అప్పటికే జవాబు సిద్ధం చేసుకున్నాడు. 1976లో అరిపో వాగులో క్రెనిసిక్లా ఉన్న చోటు నుంచి 200 గప్పీలను పట్టి, అంతవరకు గప్పీలే లేని, రివ్యులస్ మాత్రమే ఉన్న ఉపవాగులో వదిలాడు. రెండేళ్లు తిరక్కముందే, సుమారు 15 తరాలకు, అక్కడి మగచేపల చుక్కలు ఎక్కువయ్యాయి, పెద్దవయ్యాయి. పరిణామం అంటే లక్షల ఏళ్ల వ్యవహారమని చదువుకున్నవాళ్లకు ఆ రెండేళ్ల లెక్క ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక నారింజ. ఆడ గప్పీల కన్ను ఎక్కువగా దాని మీదే. ఆ మచ్చలో రెండు రకాల పదార్థాలు కలిసి ఉంటాయి. కెరోటినాయిడ్లను చేప సొంతంగా తయారు చేసుకోలేదు, నాచు వంటి తిండి నుంచి తెచ్చుకోవాలి. డ్రోసోప్టెరిన్ అనే ఎర్ర వర్ణకాన్ని మాత్రం తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. చెట్లు కమ్ముకున్న వాగులో ఎండ పడదు, నాచు పెరగదు, కెరోటినాయిడ్లు కరువు. ఎండ పడే వాగులో అవి పుష్కలం. కొరత ఉన్నచోట చేప తన సొంత వర్ణకంతో లోటు పూడ్చుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. గ్రెగొరీ గ్రెథర్, ఆయనతో పనిచేసినవాళ్లు కొలిచి చూస్తే ఎదురు తేలింది. కెరోటినాయిడ్లు ఎక్కువ దొరికే వాగుల్లోనే డ్రోసోప్టెరిన్ కూడా ఎక్కువ. రెండింటి పాళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి మచ్చ వన్నె వాగు వాగుకూ పెద్దగా తప్పిపోదు. అద్దకపువాడు కొత్త బానలో రంగు కలుపుతూ పాళ్లు చెడకుండా చూసుకునే జాగ్రత్త అది, ఇక్కడ చూసే కన్ను ఆడచేపది. ఆ కంటికి నారింజ మీద మక్కువ ఎందుకన్నదానికి ఒక ముచ్చటైన ఆలోచన ఉంది. ఆ వాగుల్లోకి చెట్ల మీద నుంచి నారింజ రంగు పళ్లు రాలుతుంటాయి, గప్పీలు వాటి మీద ఎగబడతాయి. పండు మీది ఆశ మగచేప మీదికి మళ్లి ఉండొచ్చు.

వేళ కూడా ఈ లెక్కలోదే. వేటచేప కంటికి వెలుగు తక్కువయ్యే తెల్లవారుజామున, సాయంత్రం పొద్దు వాలాక మగ గప్పీలు ఆడచేపల ముందు ఎక్కువగా విన్యాసాలు చేస్తాయని ఎండ్లర్ గమనించాడు.

ఇన్ని చెప్పుకున్నా ఒక చిక్కు మిగులుతుంది. ఒకే మడుగులో, ఒకే గులక మీద, ఒకే వేటచేప కింద బతికే మగచేపల్లో కూడా ఏ రెండూ ఒకేలా ఉండవు. అత్యుత్తమ నమూనా ఏదో ఒకటి గెలిచి మిగతావి పోవాలి కదా? 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం దీనికి దారి చూపింది. ట్రినిడాడ్ మడుగుల్లో ఒక రకం నమూనాను అరుదుగా, మరో రకాన్ని ఎక్కువగా ఉండేలా పరిశోధకులు మార్చి చూస్తే, ఏ నమూనా అరుదుగా ఉందో అదే ఎక్కువగా బతికింది. ఆడచేపలు కూడా తాము తరచూ చూడని నమూనా ఉన్న మగచేప వైపు మొగ్గుతాయని ఆ తర్వాతి పరిశీలనలు చెప్పాయి. అంటే ఏ నమూనా అయినా విరివిగా పెరిగిన కొద్దీ దాని లాభం కరిగిపోతుంది. వైవిధ్యం దానికదే నిలబడుతుంది.

ఇంటర్ జువాలజీలో పరిణామం చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు ఒక విన్నపం. పారిశ్రామిక మెలానిజం (మసి పట్టిన చెట్ల మీద నల్ల చిమ్మటలు పెరగడం) దగ్గర పాఠం ఆపకండి, ఆ వెంటనే ఎండ్లర్ పది కుంటలను బోర్డు మీద గీసి చూపించండి. వీలైతే ల్యాబ్‌లో ఒక తొట్టి పెట్టి, సగానికి సన్న గులక, సగానికి పెద్ద గులక పరిచి, మగ గప్పీలను వదిలి పిల్లలను పైనుంచి చూడమనండి. ఏ చేప ఎక్కడ కలిసిపోతుందో, ఎక్కడ విడిగా కనిపిస్తుందో వాళ్లే రాసుకుంటారు. పని అయ్యాక మాత్రం ఆ చేపలను ఊరి చెరువులోనో వాగులోనో వదలకండి. అవి మన నీళ్లవి కావు, మన చిన్న చేపల తిండికీ చోటుకూ పోటీ వస్తాయి.