కచ్చా, పక్కా: ఎవరి కొలత?

మా బడిలో ఇల్లు బొమ్మ గీయమంటే పిల్లలందరూ డాబానే గీస్తారు. వాళ్లు ఉండేది మాత్రం తడికెకు మట్టి మెత్తి, గడ్డి కప్పిన ఇళ్లలో. మట్టిల్లు కచ్చా, సిమెంటు ఇల్లు పక్కా అని ఏళ్ల తరబడి పాఠం చెప్పింది మేమే. తప్పులో మాకూ వాటా ఉంది.

జనగణన లెక్కల్లోనూ ఇదే కొలత. మట్టిగోడ, గడ్డికప్పు ‘తాత్కాలికం’. ఇనుప రేకు, ఆస్‌బెస్టాస్ రేకు ‘శాశ్వతం’. ఇల్లు ఎంతకాలం నిలుస్తుందని ఈ కొలత అడుగుతుంది. లోపల మనిషి ఎలా ఉన్నాడని అడగదు.

మనం అడుగుదాం. గడ్డిపోచల మధ్య చిక్కుకున్న గాలి వేడిని త్వరగా దాటనివ్వదు. మట్టిగోడ ఎంత మందమైతే పగటి వేడి లోపలికి చేరడం అంత ఆలస్యం. పైగా కిందికి దిగిన చూరు గోడ మీద ఎండ పడనివ్వదు. పలుచని ఇనుప రేకు ఎండ తగలగానే కాగుతుంది, చీకటి పడగానే చల్లబడుతుంది. రేకుల కింద భద్రాచలం వైపు మే నెలలో కూర్చోలేం, లంబసింగి వైపు డిసెంబరులో పడుకోలేం. స్లాబు పగలు తాగిన ఎండను రాత్రి మన మీదికి వదులుతుంది. ఇక ఫ్యాను ఆగదు, కరెంటు బిల్లు తగ్గదు.

అలాగని పూరిల్లే స్వర్గమని మేము అనం. నిప్పురవ్వ పడితే బూడిదే. కప్పు గడ్డి మారుస్తూ ఉండాలి, వానకు గోడ అడుగు కరుగుతుంది, చెదలు పడతాయి. గట్టి ఇల్లు కావాలని మా అమ్మలు కోరడం న్యాయమే. ఇల్లు ఇచ్చినందుకు కాదు మా అభ్యంతరం, కొండకూ మైదానానికీ ఒకే నమూనా ఇచ్చినందుకు. మేము చూసిన చాలా పథకపు ఇళ్లకు చూరు కురచ, ఎదురెదురు కిటికీలు లేవు. ఈ రెండూ మన పెద్దలను అడిగినా చెప్పేవారు.

కట్టిన ఇళ్లకూ దారి ఉంది. కప్పు మీద తెల్లపూత ఎండను తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే. సున్నం పూసినా కొంత మేలే.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ వేసవిలో ఒక పూరింట్లో, ఒక రేకుల ఇంట్లో, ఒక స్లాబు ఇంట్లో థర్మామీటరు వేలాడదీయండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి పిల్లలచేతే అంకెలు రాయించండి. ఆ పట్టిక ముందు పెట్టుకుని, ఏది కచ్చా, ఏది పక్కా అని మళ్లీ అడుగుదాం.