నిర్జనద్వీపమున నీతి

ఓడ పగిలి, విమానము కూలి, దిక్కులేని దీవిని జేరినవారి కథలు ఆంగ్లభాషలో పెక్కు గలవు. వీనిని చదివినవారిలో పలువురు ఒక నిశ్చయమునకు వచ్చుచుందురు: రాజదండమును గురువు బెత్తమును తొలగినచో మనుష్యుడు మూడునాళ్లలో మృగమగునట! ఇందులకు ప్రమాణముగా విలియం గోల్డింగు 1954లో ప్రకటించిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవలను చూపుదురు. ఆ నవల నిజముగా నట్లు చెప్పుచున్నదా యని విచారింపవలసియున్నది.

యుద్ధకాలమున కొందఱు ఇంగ్లీషు బాలురు ఒక దీవిలో పడిరి. మొదట శంఖ మూది సభ కూర్చిరి, నాయకు నెన్నుకొనిరి. పిదప ముఖములకు రంగులు పూసికొని వేటాడిరి. తుదకు తోడివారినే చంపిరి. ఈ పాపము దీవిదా? అచ్చట నీరు గలదు, పండ్లు గలవు, పందులు గలవు. ఆకలికై యెవ్వడును హత్య చేయలేదు. హత్యకు కారణములు భయమును, అధికారకాంక్షయును. వేటగాండ్రైనవారు బడిలో గాయకబృందముగా నుండి, నాయకుని యాజ్ఞకు వరుసదీరి నడచుట కలవాటుపడినవారు. పిగ్గీ యను బాలుని లావును, కండ్లద్దములను, ఉచ్చారణను పరిహసించుట వారు దీవిలో నేర్చిన విద్య కాదు. వారిని రక్షింప వచ్చిన అధికారియు యుద్ధనౌకనుండి దిగినవాడే! గోల్డింగు బడిపంతులు, రెండవ ప్రపంచయుద్ధమున నౌకాదళమున పనిచేసినవాడు. ఆయన యీ రెండు లోకములను ఎఱిగియే వ్రాసెను.

డీఫో 1719లో వెలువరించిన ‘రాబిన్సన్ క్రూసో’ కథయు నిట్టిదే. క్రూసో బానిసలను కొని తెచ్చుటకై ఆఫ్రికాకు పోవుచు దీవిలో చిక్కుకొనెను. 28 ఏండ్లు అందుండి కుండలు చేసెను, పైరు పెట్టెను, పశ్చాత్తాపపడెను. అయినను ఫ్రైడేను కాపాడిన పిదప వానికి తొలుత నేర్పిన మాటలలో ‘దొర’ యనునది యొకటి. సముద్రము వాని సరకును ముంచినది గాని వర్తకబుద్ధిని ముంచలేదు.

పరిసరములకు బలము లేదని నా మతము కాదు. భారతము శాంతిపర్వమున విశ్వామిత్రుడు పండ్రెండేండ్ల క్షామములో చండాలుని యింట కుక్కమాంసము దొంగిలింపబోవును. ఆకలి యంతటి ఋషినే వంచినది. కాని యచ్చట వివేకము చావలేదు. ధర్మాధర్మములను గూర్చి యిరువురును వాదింతురు. ఋషిని వారించువాడు లోకము నీచుడన్న యా చండాలుడే! ఆపద పనిని మార్పగలదు. మంచిచెడ్డల యెఱుకను తుడిచివేయజాలదు.

కల్పన నటుంచి, జరిగిన దొకటి చూతము. 1965లో టోంగా దేశపు బాలు రార్గురు పడవలో పోయి, తుపానుచే కొట్టుకొనిపోయి, ఆటా యను నిర్జనద్వీపమును జేరిరి. 1966లో పీటర్ వార్నర్ అను ఆస్ట్రేలియా నావికుడు వారిని కనుగొనువఱకు సుమారు 15 మాసము లందుండిరి. పనులు పంచుకొనిరి, తోట వేసిరి, రాజేసిన నిప్పు నాఱనీయలేదు. కలహించినవారు కోపము చల్లారువఱకు వేఱువేఱు దిక్కులకు పోవుచుండిరి. ఒకని కాలు విఱుగగా తక్కినవారు కట్టుగట్టి వాని పనియు తామే చేసిరి. వీరు కొలదిమంది, ముందునుండి స్నేహితులు. కావున ఈ యొక్క వృత్తాంతముచే గోల్డింగు నవల యసత్యము కానేరదు. కాని దానినుండి సర్వమానవులకు వర్తించు సూత్రమును లాగుట చెల్లదని తేలుచున్నది.

కావున ఇట్టి కథలను పిల్లలచే చదివించునపుడు, ‘బెత్తము లేనిచో మీరును ఇట్లే యగుదురు’ అని బెదరించుట తగదు. ఆ బాలురు దీవికి ఏమి తీసికొనిపోయిరి, ఎవరి యొద్ద నేర్చిరి అని యడుగవలెను. బెత్తము కంటబడినంతసేపే నిలుచు నీతి మొదటి తుపానులోనే కొట్టుకొనిపోవును. అట్టి నీతిని గఱపినవారము మనమైనచో దీవిని నిందించి ప్రయోజనము లేదు.