సందుగొందులు తెలిసినవాళ్ల పనితనం

పోకెమాన్ రెడ్ ఆటలో మ్యూ అనే జీవి ఉంది, కానీ ఆడేవాళ్లకు దొరకదు. ఏ గడ్డిలో తిరిగినా ఎదురుపడదు. ఏ గుహలోనూ ఉండదు. ఎవరూ బహుమతిగా ఇవ్వరు. ఆట తయారీ చివరికొచ్చాక, తప్పులు పట్టుకోవడానికి వాడిన కోడ్‌ని తీసేస్తే కార్ట్రిడ్జ్‌లో 300 బైట్ల చోటు మిగిలింది. ప్రోగ్రామర్ షిగెకి మొరిమొటో ఈ 151వ పోకెమాన్‌ని తెచ్చి ఆ చోటులో ఇరికించాడు. 1996 ఫిబ్రవరి 27న ఆట జపాన్‌లో విడుదలైంది. ఆ ఏడాదే కొరోకొరో అనే పిల్లల పత్రిక పోటీ పెట్టి 20 మందికి మ్యూని పంచింది. తక్కినవాళ్లు, కంపెనీ ఎప్పుడైనా పంచిపెడితే వెళ్లి తెచ్చుకోవాల్సిందే.

2003లో ఇంకో దారి బయటపడింది. దానికి చీట్ పరికరాలు అక్కర్లేదు, కార్ట్రిడ్జ్ విప్పక్కర్లేదు. ఆటని ఆడించే గేమ్‌బాయ్ యంత్రం మీద ఉన్న నాలుగు దిక్కులు, నాలుగు మీటలు చాలు. ఆట మొదలెట్టిన కొద్ది గంటల్లోనే మ్యూ చేతికొస్తుంది. ఇలాంటి లొసుగుల్ని గ్లిచ్‌లనీ, వాటిని వెతికి వాడుకునేవాళ్లని గ్లిచర్లనీ అంటారు. పేరు వింటే ఏదో దొంగపని అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే మాత్రం అది ఒళ్లు దగ్గరపెట్టుకుని చేసే చేతిపని.

మన దగ్గర చాలామందికి పోకెమాన్ అంటే టీవీలో వచ్చిన కార్టూను. కార్టూనుకి మూలం ఈ ఆట. సతోషి తజిరి నాయకత్వంలో గేమ్ ఫ్రీక్ సంస్థ తయారుచేసింది. ఊరూరూ తిరిగి జీవుల్ని పట్టుకోవాలి, పెంచాలి, దారిలో ఎదురైన ట్రైనర్లతో పోరాడాలి. ఇంగ్లీషు రూపాలు రెడ్, బ్లూ 1998 సెప్టెంబరులో అమెరికాలో వచ్చాయి. ఇక్కడ చెప్పేవన్నీ ఆ ఇంగ్లీషు ఆటల సంగతులే.

ఈ గ్లిచ్‌లలో చాలావాటికి మూలం గేమ్‌బాయ్ పేదరికం. అది పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 8 కిలోబైట్లు. అంత ఇరుకులో ప్రతి సమాచారానికీ సొంత చోటు కేటాయించడం కుదరదు. అందుకే ప్రోగ్రామర్లు ఒకే చోటుని పూటకో పనికి వాడారు, సత్రంలో ఒకరు ఖాళీ చేసిన గదిని ఇంకొకరికి ఇచ్చినట్టు. ఉదాహరణకి, యుద్ధం జరిగేటప్పుడు ఒక చోట శత్రువు బలం లెక్క ఉంటుంది. యుద్ధం లేనప్పుడు అదే చోట ఎదురొచ్చిన ట్రైనర్ ఎవరన్న సంగతి ఉంటుంది. రెండూ ఒకేసారి అవసరం పడవు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. మామూలుగా ఆడితే ఎప్పటికీ రాదు కూడా. పాత అంకె అక్కడ ఉండగానే కొత్త పనిని ఆ చోటుకి నడిపించుకు రావడమే గ్లిచర్ విద్య. యంత్రానికి అంకెలే తెలుసు. ఆ అంకె జీవి పేరా, లెవెలా, వస్తువా అన్నది దాన్ని చదివే కోడ్‌ని బట్టి ఉంటుంది.

అందరికీ తెలిసిన గ్లిచ్ మిస్సింగ్‌నో. విరిడియన్ ఊళ్లో ఒక ముసలాయన జీవుల్ని ఎలా పట్టాలో చేసి చూపిస్తాడు. ఆ కాసేపు తెర మీద ఆటగాడి పేరుకి బదులు ముసలాయన పేరు కనబడాలి. అందుకని ఆట మన పేరుని తీసి పక్కన దాస్తుంది. ఆ దాచే చోటు, గడ్డిలో ఏ జీవులు తిరగాలో రాసిపెట్టుకునే చోటు ఒకటే. గడ్డి ఉన్న ఇంకో రూట్‌లోకి, అంటే ఊళ్ల మధ్య దారిలోకి, అడుగుపెట్టగానే కొత్త జాబితా వచ్చి పేరు చెరిగిపోతుంది. కానీ పాఠం అయ్యాక తిన్నగా సినబార్ దీవికి ఎగిరి వెళ్తే, అక్కడ గడ్డి లేదు కాబట్టి పేరు అలాగే ఉండిపోతుంది.

దీవి తూర్పు ఒడ్డున ఇంకో చిన్న లోపం ఉంది. ఆటగాడు నిలబడే గడి నాలుగు చిన్న ముక్కల కూర్పు. జీవి ఎదురుపడాలా వద్దా అని తేల్చే కోడ్ కింది కుడి ముక్కని చూస్తుంది. ఏ జీవి రావాలో తేల్చే కోడ్ కింది ఎడమ ముక్కని చూస్తుంది. ఆ ఒడ్డున కుడి ముక్క నీళ్లు, ఎడమ ముక్క గట్టు. ఫలితం, నీళ్ల మీద ఈదుతుంటే గడ్డి జాబితాలోంచి జీవులు వస్తాయి. ఆ జాబితాలో ఉన్నది మన పేరు. రెండు, నాలుగు, ఆరో అక్షరాలు లెవెళ్లు అవుతాయి. మూడు, ఐదు, ఏడో అక్షరాలు జీవులు అవుతాయి. ఆట లెక్కలో ఇంగ్లీషు పెద్దక్షరం ఏ అంటే 128, అందుకే 100 దాటకూడని లెవెళ్లు 128తో మొదలవుతాయి. పేరులో మూడో అక్షరం డి అయితే మ్యూటూ వస్తుంది, ఇ అయితే స్నోర్లాక్స్. హెచ్ అయితే మిస్సింగ్‌నో. జీవులకు కేటాయించిన 190 స్థానాల్లో 151 నిండగా మిగిలిన 39 ఖాళీల్లో అదొకటి.

మిస్సింగ్‌నో కనబడితే బ్యాగ్‌లో ఆరో వస్తువు 128 పెరుగుతుంది. అమెరికా పిల్లలు దీనికోసమే ఎగబడ్డారు. కారణం విన్నాక నాకు ఆ వస్తువుల కన్నా కారణమే ముచ్చటగా అనిపించింది. ఏ జీవి కనబడినా పోకెడెక్స్ అనే జీవుల చిట్టాలో దాని వరస నంబరు దగ్గర ఒక టిక్కు పడుతుంది. నంబరులోంచి 1 తీసేసి స్థానం లెక్కగడతారు. మిస్సింగ్‌నో నంబరు 0. ఒక బైటులో 0 లోంచి 1 తీసేస్తే 255. జాబితా మొత్తం 19 బైట్లే, 255వ స్థానం మాత్రం మొదటి నుంచి 31 బైట్ల అవతల పడుతుంది. అక్కడున్నది ఆరో వస్తువు ఎన్ని ఉన్నాయన్న అంకె. టిక్కు పడేది ఆ బైటులో అన్నిటికన్నా పెద్ద బిట్ మీద, దాని విలువ 128. లెవెల్ పెంచే రేర్ క్యాండీ ఒక్కటే ఉంటే 129 అవుతుంది. ఇదంతా ఎవరో ప్లాను వేసి చేసింది కాదు, జనం తిరుగుతూ తిరుగుతూ తొక్కేశారు. పైగా నష్టమూ ఉంది. ఆ జీవి బొమ్మ విప్పుకునేటప్పుడు చోటు చాలక పక్కనున్న హాల్ ఆఫ్ ఫేమ్ రికార్డుల మీదికి పొంగి వాటిని చెడగొడుతుంది.

మ్యూ గ్లిచ్ ఈ తరహాది కాదు. అందులో ప్రతి అడుగుకీ ఒక పని ఉంది.

సెరూలియన్ ఊళ్లో పోకెమాన్ సెంటర్‌కి వెళ్లి జట్టుకి వైద్యం చేయించాలి. రూట్ 24 గడ్డిలో ఆబ్రా దొరుకుతుంది. దానికి టెలిపోర్ట్ వచ్చు, అంటే ఆఖరిగా వైద్యం చేయించిన సెంటర్‌కి చిటికెలో తీసుకొస్తుంది. అదే రూట్‌లో నగ్గెట్ బ్రిడ్జ్ పక్కన గడ్డిలో ఒక కుర్ర ట్రైనర్ నిలబడి ఉంటాడు. అతను తెర అంచు దాటి ఉండేంత దూరంలో ఆగి, అతని చూపులోకి ఒక్క అడుగు వేస్తూనే స్టార్ట్ నొక్కాలి. ట్రైనర్ చూశాడా లేదా అని ఆట సరిచూసుకునే లోపే మెనూ తెరుచుకుంటుంది. అందులోంచి టెలిపోర్ట్ ఎంచుకోవాలి. కుర్రాడి తల మీద ఆశ్చర్యార్థకం పడుతుంది, మనం మాత్రం మాయమైపోతాం.

ఇప్పుడు ఆట అయోమయంలో ఉంది. ట్రైనర్ మన దగ్గరికి నడిచొస్తున్నాడని అనుకుంటుంది కాబట్టి స్టార్ట్ మీట పనిచేయదు. రూట్ 24 తాలూకు స్క్రిప్టు కూడా ‘యుద్ధం మొదలెట్టాలి’ అన్న దశలో నిలిచిపోయింది. ఎవరైనా ట్రైనర్ నడిచి రావడం పూర్తయ్యాక మళ్లీ ఆ రూట్‌లోకి వెళ్తే మొదలెడుతుంది. ఎవరితో అన్నది, ఎదురొచ్చిన ట్రైనర్ సంగతి ఉండే చోట ఏ అంకె ఉందో దాన్నిబట్టి తేలుతుంది. ఆ చోటులో మనకు కావలసిన అంకె పెట్టడమే మిగిలిన పని.

యుద్ధంలో ఆ చోటు శత్రు పోకెమాన్‌కి ఉన్న ‘స్పెషల్’ అనే బలం అంకెది. పక్క చోటు దాని ఎటాక్ స్థాయిది, మామూలుగా 7. మ్యూ లోపలి నంబరు 21. కాబట్టి స్పెషల్ సరిగ్గా 21 ఉన్న జీవితో పోరాడాలి. అలాంటిది పక్కనే ఉంది. రూట్ 25లో ఒక కుర్రాడి దగ్గర ఒకే ఒక స్లోపోక్ ఉంటుంది, దాని స్పెషల్ 21. అతన్ని కాస్త దూరం నుంచి నడిచి రానివ్వాలి, లేకపోతే ఆట బిగుసుకుపోతుంది. గెలిచి, టెలిపోర్ట్‌తో సెరూలియన్‌కి వచ్చి, ఉత్తరంగా రూట్ 24లోకి అడుగుపెడితే స్టార్ట్ మెనూ తనంతట తానే తెరుచుకుంటుంది. ట్రైనర్ చెప్పాల్సిన మాట నంబరు 0గా మిగిలింది, ఆట భాషలో 0వ మాట అంటే స్టార్ట్ మెనూ. మెనూ మూస్తే ఏడో లెవెల్ మ్యూ ఎదురుగా ఉంటుంది.

ఇందులో ఆబ్రా, కుర్రాడు, స్లోపోక్ అన్నీ కూతవేటు దూరంలో ఉన్నాయి. ఒక్క అడుగు తీసేసినా పని జరగదు, ఒక్కటి కలపనూ అక్కర్లేదు. ఇంత పొందిక చూసి కొందరు మొరిమొటోయే ఈ దారి పెట్టాడేమో అనుకున్నా తప్పులేదు, కానీ లోపల జరిగేది చూస్తే అది ఇరుకు మెమరీ పుణ్యమే.

దీని మీద కట్టిన పై అంతస్తులు ఇంకా బావుంటాయి. పక్క చోటులో ఎటాక్ స్థాయి 7 ఉన్నందుకే మ్యూ ఏడో లెవెల్‌లో వచ్చింది. ఎటాక్‌ని ఒక్కో మెట్టు దించే గ్రౌల్‌ని స్లోపోక్ మీద ఆరుసార్లు వాడితే స్థాయి 1కి దిగుతుంది, మ్యూ కూడా ఒకటో లెవెల్‌లో వస్తుంది. మ్యూ జాతి అనుభవ సూత్రం ప్రకారం ఒకటో లెవెల్‌కి వచ్చే విలువ మైనస్ 54. మైనస్ తెలియని ఆట దాన్ని 1,67,77,162గా చదువుకుంటుంది. 54 కన్నా తక్కువ అనుభవం సంపాదిస్తే చాలు, జీవి ఒక్క ఊపులో నూరో లెవెల్‌కి వెళ్తుంది. స్లోపోక్ బదులు డిట్టోతో పోరాడితే అది మన పోకెమాన్ రూపంతోపాటు స్పెషల్ అంకెనీ కాపీ కొడుతుంది. అప్పుడు ఏ అంకె కావాలో మనమే తయారుచేసుకోవచ్చు. అంకె 200 దాటితే జీవికి బదులు ట్రైనర్ వస్తాడు. 226 పెట్టి, గ్రౌల్‌తో స్థాయిని 1, 2, 3ల్లో ఒకదానికి దించితే ఆట కథలోని ప్రొఫెసర్ ఓక్ స్వయంగా యుద్ధానికి దిగుతాడు. ఆయనకు మూడు జట్లు రాసిపెట్టి, ఆటలో ఎక్కడా వాడకుండా వదిలేశారు.

ఆఖరి మెట్టు 8ఎఫ్ అనే వస్తువు. ఆట దాన్ని ఎవరికీ ఇవ్వదు, వేరే గ్లిచ్‌లతో బ్యాగ్‌లోకి రప్పించుకోవాలి. వాడితే ప్రాసెసర్ తిన్నగా మన పోకెమాన్ల జట్టు ఉన్న మెమరీలోకి దూకి, అక్కడున్న అంకెల్ని ఆదేశాలుగా అమలు చేయడం మొదలెడుతుంది. జట్టుని ఒక వరసలో నిలబెడితే అక్కణ్నుంచి బ్యాగ్‌లో మూడో వస్తువు దగ్గరికి వెళ్తుంది. ఇక బ్యాగే ప్రోగ్రాము.

ఒక ప్రోగ్రాము చూడండి: లెమనేడ్ 21, టీఎం34 లు 89, టీఎం08 లు 201. టీఎంలంటే జీవులకు కొత్త విద్య నేర్పే వస్తువులు. లెమనేడ్ వస్తువు నంబరు 62. ప్రాసెసర్‌కి 62 అంటే ‘తర్వాతి అంకెని చేతిలోకి తీసుకో’ అని. తర్వాతి అంకె 21, మ్యూ. టీఎం34 నంబరు 234, ‘చేతిలో ఉన్నదాన్ని ఫలానా చిరునామాలో పెట్టు’ అని. ఆ చిరునామా తర్వాతి రెండు అంకెలు, 89, 208. రెండోది టీఎం08 నంబరే. ఆ చిరునామాలో ఎదుటి ప్రత్యర్థి ఎవరో రాసి ఉంటుంది. చివరి 201 అంటే ‘వెనక్కి వెళ్లు’. ఆరు బైట్లు, మూడు వస్తువులు. సెలడాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ డాబా మీద యంత్రంలో 350కి అమ్మే లెమనేడ్, బ్రాక్ అనే ట్రైనర్‌ని ఓడిస్తే ఇచ్చే టీఎం, ఎస్.ఎస్. యాన్ ఓడలో దొరికే టీఎం. వీటితో మ్యూని పిలిచారు. 21 బదులు ఇంకో అంకె రాస్తే ఇంకో జీవి.

ఈ విద్య ఎంత దూరం వెళ్తుందో 2015 జనవరిలో ఆసమ్ గేమ్స్ డన్ క్విక్ అనే ఆటల ప్రదర్శన వేదిక మీద జనం చూశారు. టాస్‌బాట్ అనే యంత్రం సూపర్ గేమ్‌బాయ్‌లో పోకెమాన్ రెడ్ ఆడుతూ మీటలు నొక్కుతూనే ఆటని స్వాధీనం చేసుకుంది. ఆ క్షణాన ఇంటర్నెట్‌లో చూస్తున్నవాళ్ల మాటల్ని ఆట తెర మీదికే తెచ్చింది. అబ్బురమే. అయినా నాకు మ్యూ గ్లిచ్ మీదే మక్కువ ఎక్కువ. యంత్రం వేగంతో నొక్కితే సాధ్యమయ్యేది ఒకటి, పదేళ్ల పిల్ల చేతిలోని గేమ్‌బాయ్‌తో చేయగలిగేది ఇంకొకటి.

2016 ఫిబ్రవరి 27న, సరిగ్గా ఇరవై ఏళ్లకు, ఈ ఆటల్ని 3డీఎస్ అనే ఆట యంత్రం మీద మళ్లీ విడుదల చేశారు. గ్లిచ్‌ల జోలికి పోలేదు, ఎక్కడివక్కడే ఉంచారు. 2017లో ఈ పాత ఆటల జీవుల్ని కొత్త ఆటల్లోకి పంపే సౌకర్యం వచ్చినప్పుడు మాత్రం గేటు దగ్గర కాపలా పెట్టారు. మ్యూ యజమాని పేరు జీఎఫ్, నంబరు 22796 అయితేనే లోపలికి రానిస్తారు. అవి కంపెనీ స్వయంగా పంచిన మ్యూలకు ఉండే వివరాలు. గ్లిచర్లు ఏం చేశారంటే, ఆట లోపలే కోడ్ నడిపించి తమ మ్యూ పేరునీ నంబరునీ వాటికే మార్చేసి గేటు దాటించారు.

ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే ఒక జాగ్రత్త. రూట్ 24 గడ్డిలోని కుర్రాణ్నీ, రూట్ 25లో స్లోపోక్ కుర్రాణ్నీ ముందే ఓడించేస్తే వాళ్లు మళ్లీ యుద్ధానికి రారు. ఎదురొచ్చిన ప్రతివాణ్నీ పడగొట్టుకుంటూ పోయే ఆటగాడికి ఈ పని కుదరదు. ఎవరిని ఎప్పటికి అట్టేపెట్టాలో తెలిసినవాళ్లకే మ్యూ దొరుకుతుంది.