చెయ్యి మెలి తిరిగిన క్షణం

ప్లేవ్ లైవ్ చూసేవాళ్లకి ఈ దృశ్యం బాగా అలవాటు. ఐదుగురు కుర్రాళ్లు వరసగా కూర్చుని కబుర్లలో ఉంటారు. ఒకడు పక్కవాడి భుజం మీద చెయ్యి వేస్తాడు. ఉన్నట్టుండి ఆ చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి మెలి తిరిగి గాల్లో గిలగిల కొట్టుకుంటుంది. ఇంకెవరైనా అయితే ప్రసారం ఆపేసి క్షమాపణ చెప్పేవాళ్లు. వీళ్లు ఆపరు. చెయ్యి పోయినవాడు ఆ చేత్తోనే ఏదో వేషం మొదలుపెడతాడు, పక్కవాడు అందుకుంటాడు, మిగతా ముగ్గురూ నవ్వి నవ్వి కూలబడతారు. రెండు నిమిషాల్లో ఆ పొరపాటు ఆ పూటకి హైలైట్ అయి కూర్చుంటుంది.

ప్లేవ్ దక్షిణ కొరియా బృందం. యేజున్, నోవా, బాంబీ, ఉన్హో, హామిన్, ఐదుగురూ వెబ్‌టూన్‌లోంచి దిగివచ్చినట్టుండే బొమ్మలు. ఒక్కో బొమ్మ వెనక ఒక్కో మనిషి. 2023 మార్చి 12న మొదటి పాటతో వచ్చారు. వీళ్లని తయారుచేసిన వ్లాస్ట్, ఎంబీసీ టీవీ సంస్థ లోపల మొదలై తర్వాత విడిగా ఎదిగిన కంపెనీ. ఏడాది తిరిగేసరికి, 2024 మార్చిలో, అదే ఎంబీసీ పాటల కార్యక్రమంలో మొదటి స్థానం కొట్టారు. కొరియా టీవీ మ్యూజిక్ షోలో ఒక వర్చువల్ బృందం గెలవడం అదే మొదలు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన మినీ ఆల్బమ్ మొదటి వారంలోనే పది లక్షల ప్రతులు దాటింది. అంకెలు అలా ఉంచి, నన్ను కట్టిపడేసిన ఆ చెయ్యి దగ్గరికే మళ్లీ వస్తాను.

అది ఎందుకు మెలి తిరుగుతుంది? ఈ తరహా స్టూడియోలో మనిషి ఒంటినిండా చిన్న చిన్న గుర్తులు అతికించిన బిగుతు దుస్తులు వేసుకుంటాడు. చుట్టూ ఉన్న కెమెరాలు ఆ గుర్తుల్ని వెంటాడుతూ కీళ్లు ఎక్కడున్నాయో క్షణక్షణం లెక్క కడుతుంటాయి. ఒక్కడే నిలబడి ఆడితే ఇబ్బంది తక్కువ. ఇద్దరు దగ్గరికొచ్చి కౌగిలించుకున్నారంటే ఒకడి గుర్తులు ఇంకొకడి వీపు చాటుకి పోతాయి. కెమెరాకి కనబడని కీలు ఎక్కడుందో యంత్రం ఊహించాలి. ఊహ తప్పిందా, మోచెయ్యి తిరగబడుతుంది.

అంతకన్నా కష్టమైన పని ఇంకొకటుంది, అది కంటికి కనబడదు. బొమ్మ కాళ్లు మనిషి కాళ్లకన్నా పొడుగు, నడుము సన్నం, తల కొలత వేరు. మనిషి చెంపకి చెయ్యి ఆనించి కూర్చున్నాడనుకోండి. ఆ కదలికని ఉన్నదున్నట్టు బొమ్మకి తొడిగితే చెయ్యి చెంపలోంచి దూసుకుపోతుంది, లేదా బెత్తెడు దూరంలో ఆగిపోతుంది. ఒక ఒంటి కదలికని ఇంకో కొలతల ఒంటికి సర్దాలి, పైగా లైవ్‌లో, రీటేక్ లేకుండా. వేలి కొన చెంపని తాకీ తాకనట్టు ఆగే చోటు చూసినప్పుడల్లా, పేర్లు కూడా తెలియని ఆ ఇంజనీర్లకి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

జపాన్‌లో ఇలా బొమ్మ చాటున లైవ్ చేసేవాళ్ల దారి వేరు. అక్కడ ఎక్కువమందిది చదును బొమ్మ. 2018లో నిజిసాంజీ అనే సంస్థలో అడుగుపెట్టిన కుజుహా అనే రక్తపిశాచి కుర్రాడినే చూడండి. తెరమీద ఎక్కువగా చూసేది నడుము పైభాగం, అదీ గీసిన బొమ్మే. చిత్రకారుడు బొమ్మని ముక్కలుగా గీసి ఇస్తాడు: రెప్ప వేరు, కనుపాప వేరు, జుట్టు పాయ పాయకీ వేరు. ఇంకొకరు కూర్చుని ఒక్కో ముక్క మీద వల పరిచి, తల పక్కకి తిప్పితే ముక్కు ఎంత జరగాలో, అవతలి చెంప ఎంత సన్నబడాలో చేత్తో నేర్పుతారు. మన తోలుబొమ్మకి భుజం దగ్గర, మోచేతి దగ్గర ముడి కనిపిస్తుంది. ఇక్కడ ఆ ముడిని మాయం చెయ్యడమే పని.

నా ఉద్దేశంలో మగ పాత్రలకి ఈ పని మరీ గడ్డు. ఆడపాత్రకి పొడుగు జడలు, రిబ్బన్లు, గౌను అంచులు ఉంటాయి. తల కొంచెం కదిపితే చాలు, అన్నీ ఊగి ప్రాణం వచ్చేస్తుంది. పొట్టి జుట్టు, కోటు వేసుకున్న కుర్రాడికి ఊగేదేముంది? కనుబొమ్మ, మెడ, ఊపిరితో లేచే భుజం, అంతే. మిగతా బరువంతా గొంతే మొయ్యాలి. 2021 డిసెంబరులో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకోసం వచ్చిన లక్సియెమ్ బృందంలోని వాక్స్ అకుమా పేరు చెప్తే అభిమానులకి ముందు గుర్తొచ్చేది ముఖం కాదు, ఆ మంద్రమైన గొంతు. కుజుహా వీడియో గేములో ఓడిపోయి ఉడుక్కోవడంలో ఉన్న టైమింగ్‌ని ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు.

ఈ బొమ్మ కుర్రాళ్లని చూసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. బొమ్మని చూసి మోసపోతున్నారని వాళ్లని తీసిపారెయ్యడం నేను చాలాసార్లు విన్నాను, విన్నప్పుడల్లా మనసు నొచ్చుకుంది. మోసపోయేదేముంది? చెయ్యి మెలి తిరిగినప్పుడు అందరికన్నా ముందు నవ్వేది వాళ్లే. ముఖం గీసిందని తెలుసు, నవ్వు గీసింది కాదనీ తెలుసు. ప్లేవ్ పాటలు కట్టేది యేజున్, నోవా, ఉన్హో. నాట్యం కూర్చేది బాంబీ, హామిన్. ‘ప్లీ’ అని పిలిపించుకునే అభిమానులు ప్రేమించేది ఆ పనిని. ఆ పని చేసే మనిషి అసలు ముఖాన్ని తవ్వి తీయకపోవడం వాళ్లు పాటించే మర్యాద.

ఆ మనిషి ఉన్నాడని కోర్టు కూడా ఒప్పుకుంది. ఈ ఐదుగురినీ ఆన్‌లైన్‌లో తిట్టిపోసిన ఒకరు, అవి బొమ్మలే కదా, పరువెక్కడిదని వాదించారు. 2025లో కొరియా కోర్టు ఆ వాదన కొట్టేసి, అవతారాన్ని తిడితే వెనకున్న మనిషికే తగులుతుందని చెప్పి, ఒక్కొక్కరికి లక్ష వోన్ల చొప్పున ఇప్పించింది. సొమ్ము చిన్నదే.

కొత్తగా చూడబోయేవాళ్లకి నాదొక మనవి. మ్యూజిక్ వీడియోతో మొదలుపెట్టకండి. లైవ్‌లో ఆడిన పాట ఒకటి వెతికి చివరిదాకా చూడండి. ఐదుగురూ ఒకరినొకరు ఒరుసుకుంటూ, కెమెరాలకి గుర్తులు చాటయ్యేంత దగ్గరగా వస్తారు, తెలిసే వస్తారు. పాట ఆగాక కాసేపు ఎవరూ మాట్లాడరు. గీసిన ఆ భుజాలు మాత్రం ఆయాసంతో ఎగిరెగిరి పడుతుంటాయి.